లాకు కొంగ ఎవర్నీ దీవించదు

నిడదవోలు,
10 జూన్ 2025.

చిరంజీవి భాస్కరానికి,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని, హోటలు తిండి తగ్గించావని అనుకుంటాను.

కాలవకి నీళ్ళు వదిలారు. మొదటి రోజు నీళ్ళు ఎలా వస్తాయో నీకు తెలుసుగా, ఎండాకాలమంతా జనం పారేసిన చెత్త ముందు నడుస్తుంది, వెనకాల నీళ్ళు నడుస్తాయి. ఈసారి ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక హెల్మెట్టూ వచ్చి లాకు తలుపు దగ్గర తగులుకుని పూటంతా కదల్లేదు. మీ మావయ్య ఉంటే ఆ హెల్మెట్టు ఎవరిదో కనుక్కునేదాకా అన్నానికి లేచేవారు కాదు. ముప్పై ఏళ్ళు ఆ లాకు మీద నీళ్ళకి తలుపులు తీసి వేసే లస్కరుగా పనిచేసిన మనిషికి అదొక జబ్బు.

నిన్న ఫోన్ చేశావు. నేను సగం వినకుండానే ఆఁ ఆఁ అన్నాను, నా ఎడం చెవి సంగతి నీకు తెలిసిందే. అందుకే మనకి ఉత్తరాలే నయం. అసలు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ఆదివారం పొద్దున పదింటికి నీ బాతుపిల్ల బొమ్మల సీరియలు ‘డుబుక్కు’ మూడో సీజను మొదలైంది. పక్కింటి హేమశ్రీ తొమ్మిదిన్నరకే వచ్చి టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒకటో తరగతిలో పడింది, రెండు జడలు వేసుకుంటోంది.

చాలా బావుంది నాయనా. రంగులు చాలా బావున్నాయి. పాటలు బావున్నాయి. బాతులన్నీ శుభ్రంగా, బొద్దుగా ఉన్నాయి. డుబుక్కు కూడా పెద్దదై మంచి మాటలు నేర్చుకుంది. లాకు కాసే కొంగ గారికి కొత్త కండువా వేశారు, ఎంతో హుందాగా ఉన్నారు. అందరూ ఎంతో శ్రమపడ్డారని తెలుస్తూనే ఉంది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

హేమశ్రీకి కూడా నచ్చింది. మధ్యలో వాళ్ళమ్మ పిలిచినట్టుంది, వెళ్ళింది.

మన వీధి గణేష్‌బాబు హైదరాబాదు వస్తుంటే మాగాయ ఇచ్చి పంపాను. ఎండ చాల్లేదు. అయినా తిను.

ఉంటాను మరి,
నీ మేనత్త
వీరవేణి


హైదరాబాదు,
19 జూన్ 2025.

అత్తయ్యకి నమస్కారాలు.

మాగాయ అందింది. మూత తీసిన వాసనకే మా రచయితల గదిలో వాళ్ళంతా నా బల్ల చుట్టూ చేరారు. ప్రస్తుతం సీసాలో ఊట, నా చేతిలో సీసా మిగిలాయి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. వెనకాల తప్పుల పట్టీ ఏమైనా ఉందేమోనని కాగితం తిరగేసి కూడా చూశాను. ఏమీ లేదు! మొదటి రెండు సీజన్లకీ నువ్వు రాసినవన్నీ నా దగ్గరున్నాయి అత్తయ్యా. ‘బాతు ఒళ్ళు దులుపుకోకుండా ఇంట్లోకి ఎలా వెళ్ళింది? వాళ్ళమ్మ ఊరుకుందా?’ ‘లాకు తలుపు అటువైపు తెరుచుకోదు, నువ్వు అక్కడే పెరిగి ఆ మాత్రం చూసుకోలేదా?’ ‘కోతలైన చేలో అన్ని నీళ్ళుంటే రైతు లబోదిబోమంటాడు గానీ పాట పాడతాడా?’ ఒక్కో ఉత్తరంలో పదికి తక్కువ ఉండేవి కావు. హైస్కూలంతా మీ ఇంట్లో ఉండి చదువుకున్నాను, ఒక్కరోజు నీతో శభాష్ అనిపించుకోలేదు. ముప్పై ఎనిమిదేళ్ళకి అనిపించుకున్నాను. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఆ సంతోషంలో ఉత్తరం మీటింగులో చదివేశాను. లోకనాథ్ గారని మా ఛానల్లో పిల్లల కార్యక్రమాలన్నీ చూసేది ఆయనే, రెండుసార్లు చదివించుకున్నారు. అసలు కొంగ కోపం తగ్గించాలా వద్దా అని మాలో కొందరికి అనుమానం ఉండేది. “అరవై ఏడేళ్ళ పెద్దావిడే వంక పెట్టడానికి లేదంటే మనకి అనుమానం ఎందుకయ్యా?” అన్నారాయన. నీ ఉత్తరం పెద్ద సైజులో కాపీ తీయించి మా గది గోడకి అంటించారు. అనుమానంతో తీసి పక్కన పెట్టిన పాటలు బయటికి తెచ్చాం, ఇకనుంచి ప్రతి ఎపిసోడు చివర కొంగ ఒక మంచి అలవాటు గురించి పిల్లలకి చెప్పి, పాట పాడుతుంది.

నేనూ సరే అన్నాను. నీకు నచ్చాక ఇంకేం కావాలి?

హేమశ్రీకి ఒక బొమ్మ పంపుతున్నాను. పిండితే ‘క్వాక్’ అంటుంది.

నీ
భాస్కరం


నిడదవోలు,
1 జూలై 2025.

చిరంజీవి భాస్కరానికి ఆశీస్సులు.

గోడకి అంటించారా! ఆ ఉత్తరం నేను పప్పు పొయ్యి మీద పెట్టి రాశాను, ఒక మూల పసుపు మరక కూడా ఉండాలి. గోడ మీద పెట్టుకోవాల్సినంత గొప్పది కాదు నాయనా. లోకనాథ్ గారికి నా నమస్కారాలు చెప్పి, వీలు చూసుకుని తీయించెయ్యి.

నాలుగు వారాలూ చూశాను. అన్నీ బావున్నాయి. మొన్న కొంగ గారు పళ్ళు తోముకోవడం గురించి పాడారు. తనకి పళ్ళు లేకపోయినా అంత శ్రద్ధగా పాడారంటే మంచి మనసు. అంతకుముందు వారం కూరగాయల గురించి పాడారు. మంచి సంగతే, పిల్లలు తినడం లేదు.

ఒక్క మాట అడుగుదామని. కొంగ గారికి ఈ మధ్య ఒంట్లో ఎలా ఉంటోంది? మునుపటిలా ఎవర్నీ ఏమీ అడగడం లేదు. పిల్లబాతులు లాకు మీంచి అలా పరిగెత్తుకుపోతుంటే నవ్వుతూ రెక్క ఊపుతున్నారు. అక్కడ నీళ్ళు లోతు కదా, అందుకని అడిగాను. వేరే ఉద్దేశం లేదు.

హేమశ్రీకి ఆదివారం పదీ పది అయ్యేసరికి ఇంట్లో ఏదో పని పడుతోంది. ఒకటో తరగతి పిల్లకి అంత పనేమిటో నేను అడగలేదు. నువ్వు పంపిన బొమ్మ మాత్రం వదలడం లేదు. పొద్దున్నే దాన్ని పిండుతుంటే వీధిలో వాళ్ళు ఎవరింట్లో బాతులు పెంచుతున్నారని అడుగుతున్నారు.

ఊడుపులు మొదలయ్యాయి. వానలు పర్వాలేదు.

నీ అత్తయ్య


హైదరాబాదు,
12 జూలై 2025.

అత్తయ్యకి నమస్కారాలు.

నువ్వు మామూలు మనిషివి కావు! కొంగ గారికి ఒంట్లో బాగోలేదా అని అడిగావు చూడు, ఆ మాట మీటింగులో చెప్పగానే లోకనాథ్ గారు బల్ల మీద చరిచారు. “ప్రేక్షకులకే కొంగ ముసలిదైందని అనిపిస్తోందంటే, కథ అటే నడవాలి” అన్నారు. ఆ మర్నాడే నిర్ణయం అయిపోయింది.

కొంగ రిటైరవుతోంది అత్తయ్యా. దసరా వెళ్ళిన ఆదివారం, అక్టోబరు అయిదున, ప్రత్యేక ఎపిసోడు. పిల్లబాతులన్నీ వరసగా వచ్చి కొంగ కాళ్ళకి దణ్ణం పెడతాయి. కొంగ ఒక్కొక్కదాన్నీ దీవిస్తుంది, కన్నీళ్ళు పెట్టుకుంటుంది, పూలవాన కురుస్తుంటే మబ్బుల్లోకి ఎగిరిపోతుంది. ఆ తర్వాత లాకు దగ్గర బటన్ నొక్కితే తెరుచుకునే కొత్త తలుపులు, వాటికి ఒక రోబో కప్ప. అది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, అందరికీ స్వాగతం చెబుతుంది.

ఇప్పుడు అసలు విషయం విను. చివర్లో తెర మీద ‘కీర్తిశేషులు చంద్రరావు గారి స్మృతికి’ అని మావయ్య పేరు వేయడానికి ఒప్పించాను. లాకు కొంగ ఎవరో మన ఇద్దరికే తెలుసు. ఇకమీదట అందరికీ తెలుస్తుంది. నీకు తృప్తిగా ఉంటుందని చాలా పట్టుబట్టి సాధించాను.

బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. నీ మాటే దీనికంతటికీ మూలం అని అందరికీ చెబుతున్నాను.

నీ
భాస్కరం


నిడదవోలు,
18 జూలై 2025.

ఒరేయ్ భాస్కరం,

ఇది గోడకి అంటించే ఉత్తరం కాదు. తలుపేసుకుని నువ్వొక్కడివీ చదువు.

నీ మూడో సీజను బాగోలేదు. ఒక్క వారం కూడా బాగోలేదు. హేమశ్రీని వాళ్ళమ్మ పిలవలేదు, పనీ లేదు. పదీ పదికి ఆవులించి, “మామ్మగారూ, ఈ కొంగ మా టీచరులా ఉందండి” అని లేచిపోయింది. పోయిన ఆదివారం అసలు రాలేదు. నేను ఒక్కదాన్నే కూర్చుని కొంగ చేతులు కడుక్కోవడం చూశాను. కొంగకి చేతులెక్కడివిరా?

నేను బావుందని రాస్తే నువ్వు నమ్మేశావా? అయిదేళ్ళు మా ఇంట్లో అన్నం తిన్నావు! మన ఇంట్లో ఎవరైనా వంట బాగోలేదంటారా? బాగోకపోతే “చాలా బావుందండీ” అని చెయ్యి కడుక్కుని లేస్తారు, పెట్టినవాళ్ళ మనసు కష్టపెట్టకూడదని. బావున్నప్పుడే దెబ్బలాట. కందాబచ్చలి వండిన రోజు మీ మావయ్య ఏమనేవారు? “వేణీ, ఆవ ఎక్కువైంది. ఇంకొంచెం వెయ్యి.” నలభై మూడేళ్ళ కాపురంలో ఒక్కసారి “కూర బావుంది” అన్నారు. ఆ రోజు కంద ఉడకలేదు, ముగ్గురికీ గొంతు దురద. నువ్వు కూడా దగ్గావు, మర్చిపోయావా?

మొదటి సీజను నాకు కంఠతా వచ్చు. డుబుక్కు మొట్టమొదటిసారి లాకు దగ్గరికి వస్తుంది.

“ఎక్కడికి?”
“అవతలికండి.”
“అవతల ఏముంది?”
“ఇక్కడ లేనిదండి.”
“ఇక్కడ ఏం లేదు?”
“మీకు ఓపిక లేదండి.”

కొంగ మెడ వంచి దాని కాళ్ళ కేసి చూసి, “ఈతొచ్చా?” అంటుంది. వచ్చని చెప్పాక దారి వదులుతుంది. అంతే. కాపాడతాననలేదు, నీతి చెప్పలేదు. నీళ్ళు లోతని పిల్లకి తెలిసింది, కొంగకి తన మీద ప్రాణమనీ తెలిసింది. నువ్వు పరీక్ష రాసి వచ్చి బాగా రాశానంటే, “ఎవరు చెప్పారు?” అని అడిగేవారే, ఆ మనిషి దిగివచ్చినట్టు ఉండేది.

ఇంకొకటి చెబుతాను. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ మొదటి ఎపిసోడు వచ్చేనాటికి మీ మావయ్య పోయి ఏడాది. టీవీ పెట్టి నేను వంటింట్లో ఉన్నాను. ముందుగదిలోంచి “ఎక్కడికి?” అని వినపడింది. “ఎక్కడికీ లేదండీ, వంటింట్లోనే ఉన్నాను” అని జవాబు చెప్పేశాను. చెప్పాక నవ్వొచ్చింది. తర్వాత గరిటె పట్టుకుని నిలబడి ఏడ్చాను. అప్పట్నుంచీ ఆదివారం పదింటికి ఆయన పడక్కుర్చీ టీవీ వైపు తిప్పి పెట్టి, దాని పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. వారానికి ఇరవై నిమిషాలు ఆయన ఇంట్లో ఉన్నట్టుండేది. ఎవర్నో ఒకర్ని తిడుతూ.

ఇప్పుడు ఆయన్ని పూలు చల్లి మబ్బుల్లోకి పంపుతానంటున్నావు. పైగా నా మాటే మూలం అంటున్నావు. ఆ మనిషి ఒక్కసారి పోయారు, చాలదా?

మీ మావయ్య ఎవర్నీ దీవించి ఎరగరు. నీ ఉపనయనం నాడు కూడా అక్షింతలు నీ నెత్తిన వేసి, “తిన్నగా నిలబడు” అన్నారు.

కోపంగానే ఉంటాను,
వీరవేణి


హైదరాబాదు,
26 జూలై 2025.

అత్తయ్యా,

నీ ఉత్తరం తలుపేసుకునే చదివాను. చదివి పెద్దగా నవ్వాను, తర్వాత చాలాసేపు నవ్వలేదు. కంద సంగతి గుర్తుంది. ఇన్నాళ్ళూ ఎలా మర్చిపోయానో తెలియదు. హైదరాబాదులో బావుందంటే బావుందనే అర్థం అత్తయ్యా, ఆ అలవాటులో పడిపోయాను.

నిజం చెబుతున్నాను. నాకూ నచ్చలేదు. మొదట్లో నేనొక్కణ్ణీ రాసేవాణ్ణి, మావయ్య మాటలు చెవిలో వినపడుతుంటే చెయ్యి దానంతటదే నడిచేది. ఇప్పుడు ఆ గదిలో ఏడుగురం. అందరూ మంచివాళ్ళే. ఒక నవ్వు మాట రాస్తే ఒకరు పిల్లలకి అర్థమవుతుందా అంటారు, ఒకరు కొంగ మరీ కటువుగా లేదా అంటారు, ఇంకొకరు ఇందులో నేర్చుకునేది ఏముంది అంటారు. అందరి మాటా విన్నాక అది ఉడికీ ఉడకని కందలా తయారవుతుంది. నేను గట్టిగా కాదనాల్సింది. నీ ఉత్తరం వచ్చాక, నీకే నచ్చింది కదా, తప్పు నా వైపే ఉందనుకున్నాను. నువ్వు నా మనసు నొప్పించకూడదనుకున్నావు, నేను నీ మాట కాదనకూడదనుకున్నాను. మధ్యలో మావయ్యకి కండువా వేసి పాటలు పాడించాం.

నువ్వు వద్దన్నా ఈ ఉత్తరం కూడా మీటింగులో చదివాను. ఏడుపు సంగతి వదిలేసి మిగతాది. లోకనాథ్ గారు గోడ మీది కాగితం వైపు చూశారు, నా చేతిలో కాగితం వైపు చూశారు. “ఒకే ఆవిడ కదయ్యా రాసింది. ఏది నమ్మాలి?” అన్నారు. నేను మన ఇంటి భోజనాల పద్ధతి చెప్పాను.

ఆయనది భీమవరం. ఆ సంగతి అప్పుడు బయటపడింది. “మా అమ్మా అంతేనయ్యా! పెళ్ళికెళ్ళొచ్చి భోజనాలు చాలా బావున్నాయి అందంటే, ఇంటికొచ్చాక చారన్నం కలుపుకునేది. నాకు మొదటిరోజే తట్టాల్సింది” అని లేచి తనే గోడ మీది కాగితం తీసేశారు. తీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎందుకో అడగలేదు.

కానీ అత్తయ్యా, బొమ్మలు చాలావరకు అయిపోయాయి. దణ్ణాలు, దీవెనలు, పూలవాన, మబ్బులు ఇక ఆపలేం. చివర్లో రెండు నిమిషాలు మాత్రం నాకు వదిలారు, నా ఇష్టం వచ్చినట్టు, ఎవరూ వేలు పెట్టకుండా. ఆ రెండు నిమిషాల్లో ఏం చేయాలో తోచడం లేదు. ఎగిరిపోయిన కొంగతో ఏం మాట్లాడించను?

ఒకటి అడుగుతాను. మావయ్య రిటైరైన రోజు నేను ఇక్కడ కొత్త ఉద్యోగంలో ఉన్నాను, రాలేకపోయాను. ఆ రోజు ఏం జరిగింది? ఏమన్నారు? ఉన్నదున్నట్టు రాయి. మర్యాదగా రాయకు.

భాస్కరం


నిడదవోలు,
3 ఆగస్టు 2025.

చిరంజీవి భాస్కరానికి,

కోపం తగ్గింది. లోకనాథ్ గారి తల్లి పేరేమిటో కనుక్కో. ఆవిడతో నాకు చుట్టరికం ఉండి తీరాలి అనిపిస్తోంది.

ఆ రోజు సంగతి. రెండువేల పదిలో జూన్ నెలాఖరు. ఇరిగేషన్ ఆఫీసు నుంచి ఏఈ గారు, ఇంకో నలుగురు వచ్చారు. లాకు పక్కనే షామియానా వేసి, దండ వేసి, మెరూన్ రంగు శాలువా కప్పారు. ఏఈ గారు చాలా బాగా మాట్లాడారు. నేను మొదటి వరసలో కూర్చుని మీ మావయ్య మొహమే చూస్తున్నాను. ఆయన దండలోంచి కాలవ కేసే చూస్తున్నారు.

“ఇక విశ్రాంతి తీసుకోండి చంద్రరావు గారూ” అన్నారు ఏఈ గారు.
“రేపు పొద్దున గేజీ ఎవరు చూత్తారండి?” అన్నారు ఈయన. నీళ్ళ మట్టం చూసే అంకెల పలక మీద ఆయనకి ఎంత బెంగో నీకు తెలుసు.
“కొత్తాయన వత్తాడండి. శ్యాంబాబు అని.”
“ఈతొచ్చా అండి?”
“నాకు తెలీదండి. రాదేమో.”
“అయితే రేపు నేనొత్తానండి.”

అందరూ వేళాకోళం అనుకుని నవ్వి చప్పట్లు కొట్టారు. నేను నవ్వలేదు, నాకు తెలుసు. మర్నాడు అయిదున్నరకి కాఫీ ఇవ్వబోతే మనిషి లేరు. వెతుక్కుంటూ వెళ్ళాను. లాకు మెట్ల మీద కూర్చుని, ఆ సన్మానం శాలువాతో గేజీ పలక మీది నాచు తుడుస్తున్నారు! “శాలువా పాడైపోదా అండీ?” అన్నాను. “అంకె కనపడాలా వద్దా?” అన్నారు.

పదకొండేళ్ళు వెళ్ళారు. జీతం లేదు, ఎవరూ రమ్మనలేదు. పాపం శ్యాంబాబు మొదట్లో నాతో మొరపెట్టుకున్నాడు, “అమ్మగారూ, మీ ఆయన రిటైరయ్యారో లేదో నాకర్థం కావడం లేదండి” అని. మూడు నెలలు ఆ తిట్లు పడలేక ఈత నేర్చుకున్నాడు. ఇప్పుడు బాగా ఈదుతాడు. మొన్న నీళ్ళు వదిలిన కొత్తలో కాలవలో కాలు జారిన కుర్రాణ్ణి ఒకణ్ణి జబ్బ పట్టి లాక్కొచ్చింది అతనే. వచ్చి నాకు చెప్పి, మీ మావయ్య పడక్కుర్చీ వంక చూసి వెళ్ళాడు.

ఇదిరా జరిగింది. నీ రెండు నిమిషాలకి పనికొస్తుందో లేదో నాకు తెలియదు. ఆయనకి మబ్బుల్లో పనేమీ లేదు, అది మాత్రం చెప్పగలను.

ఈ వారం కాకర మొక్కకి పూత వచ్చింది.

నీ అత్తయ్య


హైదరాబాదు,
27 సెప్టెంబరు 2025.

అత్తయ్యా,

అయిదో తారీఖు ఆదివారం పదింటికి. హేమశ్రీని ఎలాగోలా కూర్చోబెట్టు. పేర్లు పడుతున్నప్పుడు టీవీ కట్టెయ్యకు.

ఇంకేమీ చెప్పను.

భాస్కరం


నిడదవోలు,
5 అక్టోబరు 2025. ఆదివారం.

ఒరేయ్ భాస్కరం,

ఇప్పుడే అయింది. అన్నం పొయ్యి మీద పెట్టి రాస్తున్నాను, మరకలు పడితే పడ్డాయి.

హేమశ్రీకి కజ్జికాయలు ఆశ చూపించి కూర్చోబెట్టాను. దణ్ణాలు పెడుతున్నంతసేపూ తింది. పూలవాన కురిసేసరికి కజ్జికాయలు అయిపోయాయి. కొంగ మబ్బుల్లోకి పోయింది, మీ మావయ్య పేరు పడింది. నాకు లోపల ఎలాగో అయింది, కాదనను. పేర్లు మొదలయ్యాయి. పిల్ల లేచి గౌను దులుపుకుంది.

అప్పుడు తెల్లారింది. తెర మీద. లాకు దగ్గర ఎవరూ లేరు. ఆ రోబో కప్ప “స్వాగతం! స్వాగతం!” అంటోంది. డుబుక్కు నిద్రమొహంతో వచ్చి లాకు ఎక్కబోయింది.

“ఎక్కడికి?”

చూస్తే కొంగ! మెట్ల మీద కూర్చుని, కప్పిన శాలువాతోనే గేజీ పలక తుడుస్తోంది.

“మీరు రిటైరయ్యారు కదండీ?” అంది డుబుక్కు.
“ఎవరు చెప్పారు?”
“నిన్న మబ్బుల్లోకి వెళ్ళారు కదండీ?”
“వెళ్ళాను. అక్కడ గేజీ లేదు.”

హేమశ్రీ పకపకా నవ్వి కూలబడింది. నవ్వు ఆపుకోలేక పోయి పోయి ఆయన పడక్కుర్చీలోనే పడింది. నేను లేపలేదు. కొంగ కప్ప వైపు తిరిగి “ఈతొచ్చా?” అని అడిగితే, ఆ కప్ప నవ్వు ఆగిపోయిందే, అక్కడ నాకూ నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని చూస్తే అయిపోయింది. “మామ్మగారూ, వచ్చేవారం కూడా కొంగ తిడుతుందా అండి?” అని అడిగింది పిల్ల. ఏమో చూద్దాం అన్నాను.

మిగతా వారాలు మొదటి ఏడాదిలా ఉండవని నాకు తెలుసు. ఏడుగురి చేతులు పడ్డ వంట, నెమ్మదిగా దారికొస్తే రానీ, రాకపోతే పోనీ. నువ్వు దిగులు పెట్టుకోకు. ఆదివారం పదింటికి ఆయన ఒక్క మాట అన్నా నాకు చాలు.

ఇక తప్పులు రాసుకో. ఒకటి, శాలువా పచ్చరంగు వేశారు, మెరూన్ అని నేను స్పష్టంగా రాశాను. రెండు, గేజీ పలక ఎడంపక్క ఉండాలి. మూడు, మెట్లకి నాచు పట్టించినవాడు పలకకి కూడా పట్టించాలి, అది ముందే శుభ్రంగా ఉంటే ఆయన తుడవడం దేనికి? నాలుగు, అయిదున్నరకి అంత వెలుతురు ఉండదు. అయిదు, ఆ కప్ప. ఆరు, మీ మావయ్య కూర్చున్నప్పుడు కుడికాలు చాపుకుంటారు, నీ కొంగ ఎడంకాలు చాపింది. ఏడు, డుబుక్కు ఒళ్ళు దులుపుకోలేదు, మళ్ళీ!

మొత్తం మీద ఆవ ఎక్కువైంది నాయనా. ఇంకొంచెం వెయ్యి.

అత్తయ్య